‘మింగేస్తుందట’: తెలుగు వార్తా సంపాదకులకు బహిరంగ లేఖ

తెలుగు టీవీ చానెళ్లు, పత్రికలు, యూట్యూబ్ వార్తా చానెళ్లు నడుపుతున్న సంపాదకులకు నమస్కారం.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. పొద్దున రెండు పేపర్లు, రాత్రి గంటసేపు వార్తలు లేనిదే నాకు రోజు గడవదు. మీ పని మీద గౌరవం ఉంది కాబట్టే ఈ ఉత్తరం.

రెండేళ్ల కిందట ఒక రాత్రి తొమ్మిదిన్నరకి ఒక చానెల్లో అరగంట కార్యక్రమం వచ్చింది. తెర మీద ఎర్రటి సుడిగుండం, అందులోకి భూమి గిర్రున తిరుగుతూ జారిపోతోంది. కింద పట్టీలో ‘భూమిని మింగేయనున్న బ్లాక్‌హోల్? తేల్చేసిన శాస్త్రవేత్తలు!’ అని పడుతోంది. తేల్చేస్తే ఆ ప్రశ్నార్థకం ఎందుకో, ప్రశ్న మిగిలే ఉంటే తేల్చేసిందేమిటో నాకు అర్థం కాలేదు. ఏ శాస్త్రవేత్త, ఏ ఊళ్లో, ఎప్పుడు తేల్చాడో అరగంటలో ఒక్కసారీ చెప్పలేదు.

మర్నాడు మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నావిడ బట్టలు ఇవ్వడానికి వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. "మాస్టారూ, మా పిల్ల పెళ్లి మాఘమాసంలో అనుకున్నామండి. అప్పటిదాకా ఉంటుందంటారా?" అంది. నవ్వుతూనే అడిగింది. కానీ బట్టల మూట కింద పెట్టకుండా, నేను జవాబు చెప్పేదాకా కదల్లేదు. ‘నీ మనవళ్ల మనవళ్ల పెళ్లిళ్లు కూడా నిక్షేపంగా అవుతాయమ్మా’ అని చెప్పి పంపాను.

ఆ చానెల్‌కి మెయిల్ రాశాను. ‘మీ అభిప్రాయం మాకు విలువైనది’ అని దానంతటదే వచ్చే జవాబు ఒకటి వచ్చింది. నెల ఆగి రిజిస్టర్డ్ పోస్టులో మూడు పేజీల ఉత్తరం పంపాను. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు గుండ్రటి ముద్రతో, అర్థం కాని సంతకంతో తిరిగొచ్చింది. ఇప్పటికీ నా డైరీలో ఉంది. జవాబు మాత్రం లేదు. చివరికి ఫోన్ చేస్తే, "సైన్స్ డెస్క్ అంటూ లేదు సార్, ఎంటర్‌టైన్‌మెంట్ వాళ్లకి కలపమంటారా?" అన్నాడు అవతలి కుర్రాడు. పాపం, అతను మర్యాదగానే అడిగాడు. ఒక్క చానెల్ అయితే ఊరుకునేవాణ్ణి. తర్వాత గమనిస్తే దాదాపు అందరిదీ ఇదే ధోరణి. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాను.

నా ఫిర్యాదు ఒక్కటే. కృష్ణబిలాల (బ్లాక్‌హోల్స్) గురించి తెలిసినదాన్ని మీరు భయంగా మార్చి చెబుతున్నారు, తెలియనిదాన్ని తేలిపోయినట్టు చెబుతున్నారు.

తెలిసినది ముందు చెబుతాను. కృష్ణబిలం అంటే వెలుగు కూడా బయటికి రాలేనంత గురుత్వాకర్షణ ఉన్న చోటు. అంతేగానీ దూరంగా ఉన్నవాటిని వెతుక్కుంటూ వచ్చి మింగే భూతం కాదు. సూర్యుణ్ణి తీసేసి సరిగ్గా అంతే బరువున్న కృష్ణబిలాన్ని అక్కడ పెట్టారనుకోండి. దాని వ్యాసార్ధం 3 కిలోమీటర్లు ఉంటుంది. భూమి మాత్రం ఇప్పుడు తిరిగే దారిలోనే తిరుగుతూ ఉంటుంది. మనం చలికి చస్తాం, అది వేరే సంగతి. ఇంతవరకు తెలిసిన కృష్ణబిలాల్లో మనకు బాగా దగ్గరిదని చెప్పే గయా బీహెచ్1 బయటపడింది 2022లో. అది ఉన్నది దాదాపు 1,560 కాంతి సంవత్సరాల దూరంలో (వెలుగు ఏడాదిలో వెళ్లే దూరం ఒక కాంతి సంవత్సరం). పాలపుంత నడిమధ్యన ఉన్నది 40 లక్షల సూర్యుళ్ల బరువుంటుంది కానీ, దూరం 27,000 కాంతి సంవత్సరాలు. ఇస్త్రీ బండి ఆవిడకి నేను అంత ధీమాగా చెప్పింది అందుకే.

ఇక కృష్ణబిలం చివరికి ఏమవుతుందన్నది అసలు కథ. 1974లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ లెక్క కట్టి చూపించింది ఏమిటంటే, అణువుల లోకపు నియమాలైన క్వాంటమ్ సిద్ధాంతాన్ని పట్టించుకుంటే కృష్ణబిలం పూర్తిగా నల్లన కాదు. దానికీ ఒక ఉష్ణోగ్రత ఉంటుంది, అది సన్నగా వెలుగుతూ ఆ వెలుగు మేరకు బరువు తగ్గుతుంది. విచిత్రం ఎక్కడంటే, పొయ్యి మీంచి దించిన గిన్నె వేడి పోగొట్టుకునే కొద్దీ చల్లారుతుంది. ఇది పోగొట్టుకునే కొద్దీ కాగుతుంది. చిన్నదయ్యే కొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కే కొద్దీ ఇంకా తొందరగా కరుగుతుంది.

అలాగని రేపో ఎల్లుండో కరిగేది కాదు. సూర్యుడంత బరువున్న కృష్ణబిలం ఉష్ణోగ్రత పరమ శూన్యానికి (అంతకంటే చల్లబడడం కుదరని హద్దుకి) పైన ఒక డిగ్రీలో 100 కోట్ల వంతుల్లో 60 వంతులు. దాని చుట్టూ ఉన్న ఆకాశమే అదే లెక్కన 2.7 డిగ్రీలుంది. అంటే ఇవాళ్టికి అది ఇచ్చే దానికంటే పుచ్చుకునేదే ఎక్కువ, కరగడం మొదలే కాలేదు. ఆకాశం ఇంకా చల్లబడ్డాక కరిగితే, పూర్తవడానికి 2 పక్కన 67 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలు, అంటే మొత్తం 11 అంకెలు.

మరి ఆఖరి క్షణం? హాకింగ్ లెక్క ప్రకారం చివరి ఒక్క సెకను మిగిలినప్పుడు దాని బరువు సుమారు 230 టన్నులు. పది టన్నుల టిప్పర్లు 23 వరసగా నిలబెడితే ఎంతో అంత. ఆ బరువంతా ఒక్క సెకనులో శక్తిగా మారిపోతుంది. అక్కణ్ణించి ఇంకా తగ్గి 22 మైక్రోగ్రాముల దగ్గరికి వస్తే, అది ఆవగింజలో నూరో వంతు కూడా ఉండదేమో, అక్కడ మన లెక్కలన్నీ ఆగిపోతాయి. గురుత్వాకర్షణకి ఐన్‌స్టీన్ సిద్ధాంతం వాడతాం, అణువులకి క్వాంటమ్ సిద్ధాంతం వాడతాం. ఆ కాస్త చోట రెండూ ఒకేసారి కావాలి. రెండింటినీ కలిపే క్వాంటమ్ గురుత్వ సిద్ధాంతం మన చేతిలో పూర్తిగా లేదు. ఎందరో జీవితాలు పెట్టి పనిచేస్తున్నారు. అయినా లేదు.

దీంతో ముడిపడిన చిక్కు ఇంకొకటి ఉంది. తాళపత్రం కాలిపోయిందనుకోండి. బూడిద, పొగ, వెలుగు అన్నీ పోగు చేయగలిగితే, సూత్రం ప్రకారం దాని మీది అక్షరాలు మళ్లీ చదవొచ్చు. క్వాంటమ్ సిద్ధాంతం అలా అంటుంది, సమాచారం చెరిగిపోదు అని. అదే తాళపత్రం కృష్ణబిలంలో పడి, ఆ కృష్ణబిలమూ కరిగిపోతే అక్షరాలు ఏమయినట్టు? చెరిగిపోతాయని హాకింగ్ 1976లో అన్నాడు. చెరిగిపోవని అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త జాన్ ప్రెస్కిల్ పట్టుబట్టాడు. 1997లో పందెం వేసుకున్నారు. 2004లో డబ్లిన్ సభలో హాకింగ్ ఓటమి ఒప్పుకుని పందెం ప్రకారం ఒక బేస్‌బాల్ విజ్ఞాన సర్వస్వం ఇచ్చాడు. హాకింగ్ పక్షాన పందెం కాసిన ఇంకో భౌతిక శాస్త్రవేత్త కిప్ థోర్న్ మాత్రం అప్పటికి ఒప్పుకోలేదు. (ఇలాంటి కథ చేతిలో ఉండగా గ్రాఫిక్స్‌లో భూమిని ముంచడం దేనికో నాకు తెలియదు.)

ఈ చిక్కు విప్పడానికి ఇప్పుడు దారులు నాలుగున్నాయి. సమాచారమంతా ఆ వెలుగులోనే మెల్లగా బయటికొచ్చి కృష్ణబిలం పూర్తిగా మాయమవుతుందన్నది ఒకటి. 2019లో వచ్చిన కొత్త లెక్కల తర్వాత దీనివైపు మొగ్గు పెరిగింది, అయితే ఆ లెక్కలు కూడా ఆఖరి క్షణం గురించి చెప్పవు. కరగడం ఆగిపోయి చిన్న ముక్క మిగిలిపోతుందన్నది రెండోది. కృష్ణబిలం లోపల అంతా ఒక హద్దు దాకా నలిగి, తిరగబడి, తెల్లబిలంగా (అన్నిటినీ బయటికే నెట్టే, కృష్ణబిలానికి తలకిందులైన దానిగా) బయటికొస్తుందన్నది మూడోది. మహారాష్ట్రలో పుట్టిన అభయ్ అష్టేకర్ 1986లో పునాది వేసిన లూప్ క్వాంటమ్ గురుత్వం (ఇందాక చెప్పిన రెండు సిద్ధాంతాలనూ కలపాలనే ప్రయత్నాల్లో ఒకటి) దారిలో వచ్చిన ఆలోచన ఇది. నాలుగోది హాకింగ్ మొదటి మాట: పోయింది పోయినట్టే. నాలుగింటిలో ఏ ఒక్కదానికీ ప్రయోగంలో రుజువు లేదు. ఆకాశంలోని ఏ కృష్ణబిలం నుంచీ హాకింగ్ వెలుగును ఇంతవరకు ఎవరూ చూడలేదు. విశ్వం మొదట్లో పుట్టి ఇప్పుడు పేలిపోతున్న చిన్న కృష్ణబిలాలేమైనా ఉన్నాయా అని గామా కిరణాల టెలిస్కోపులతో వెతికారు, దొరకలేదు.

‘దొరకలేదు, తెలియదు, వెతుకుతున్నారు’ అన్నదే ఇందులో వార్త. మీ చానెళ్లలో ఆ మూడు ముక్కలూ వినపడవు. దానివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో వరసగా రాస్తాను.

1. ప్రాణాల మీదికి వస్తుంది. 2008 సెప్టెంబర్ 10న జెనీవా దగ్గర సెర్న్ పరిశోధన కేంద్రంలో కణాలను ఢీకొట్టించే ఎల్‌హెచ్‌సీ యంత్రం మొదలైంది. అంతకుముందు కొన్నాళ్లు మన దేశంలో కొన్ని చానెళ్లు పొద్దస్తమానం ‘అందులో కృష్ణబిలం పుడుతుంది, ఆ రోజే ప్రళయం’ అన్నాయి. ఆ వార్తలు చూసి భయపడి మధ్యప్రదేశ్‌లో ఒక పదహారేళ్ల అమ్మాయి ప్రాణం తీసుకుందని, కన్నతండ్రే ఆ మాట చెప్పాడని అప్పటి వార్తల్లో వచ్చింది. ఆ రోజు నా క్లాసులో సగం బెంచీలు ఖాళీ. అడిగితే, ‘ఏదైనా అయితే అందరం ఒక్కచోట ఉందామని మా అమ్మ పంపలేదు సార్’ అన్నాడు మర్నాడు ఒక పిల్లాడు. అసలు సంగతి ఏమిటంటే, ఆ రోజు సెర్న్‌లో కణాలను గొట్టంలో తిప్పి చూశారు, అంతే. ఢీకొట్టడమే లేదు. తొమ్మిది రోజులకే యంత్రం చెడిపోయింది. మొదటి ఢీ 2009 నవంబర్లో జరిగింది. ఇది కనుక్కోవడానికి ఒక్క ఫోన్ కాల్ చాలు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. సెర్న్ వాళ్లు భద్రత గురించి లెక్క చూసినప్పుడు, ‘చిన్న కృష్ణబిలం పుట్టినా హాకింగ్ చెప్పినట్టు వెంటనే కరిగిపోతుంది’ అని చెప్పి చేతులు దులుపుకోలేదు. హాకింగ్ మాటకి ఇంకా రుజువు లేదు కదా, అది తప్పే అనుకుని చూద్దాం అన్నారు. ఎల్‌హెచ్‌సీ కంటే ఎన్నో రెట్లు శక్తితో అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు కోట్ల ఏళ్లుగా భూమినీ, చంద్రుణ్ణీ, నక్షత్రాలనీ కొడుతూనే ఉన్నాయి, అవన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి కాబట్టి ప్రమాదం లేదని తేల్చారు. తెలియనిదాన్ని తెలియనట్టే పెట్టుకుని కూడా ధైర్యం చెప్పొచ్చని నాకు అప్పుడు అర్థమైంది. ఆ వివరం ఏ చానెల్లోనూ రాలేదు, నేను చూసినంతలో.

2. భయం ఖరీదు జేబు మీద పడుతుంది. ప్రళయం కార్యక్రమం అయిన పావుగంటకి అదే తెర మీద రక్షా యంత్రాలు, పరిహార పూజల ప్రకటనలు రావడం మీరు గమనించే ఉంటారు. ఆ డబ్బు కట్టేది ఎవరు? నెలకి పది, పన్నెండు వేలతో ఇల్లు నడిపేవాళ్లు. భక్తికి నేను అడ్డు చెప్పను, మా ఇంట్లోనూ దీపం పెడతాం. ఫిజిక్స్ పేరు చెప్పి భయపెట్టి ఇంకెవరో అమ్ముకోవడానికి దారి వేయడం మాత్రం తప్పు.

3. పిల్లల చదువు పాడవుతుంది. 2014 జనవరిలో హాకింగ్ ఒక చిన్న వ్యాసంలో, కృష్ణబిలం అంచును మనం నిర్వచించే తీరు మార్చుకోవాలేమో అన్నాడు. ‘బ్లాక్‌హోల్సే లేవన్న హాకింగ్’ అని శీర్షికలొచ్చాయి. 2019లో ఎం87 గెలాక్సీలోని కృష్ణబిలం బొమ్మ వచ్చింది. అది రేడియో తరంగాల కొలతల నుంచి కట్టిన చిత్రం, ఆ నారింజ రంగు మనం వేసుకున్నది. మనవాళ్లు ‘ఫొటో’ అని వదిలేశారు. 2022 చివర్లో గూగుల్ క్వాంటమ్ కంప్యూటర్ చిప్ మీద 9 క్యూబిట్లతో (దాని బిట్లతో) ఒక లెక్క నడిపితే ‘వార్మ్‌హోల్ (విశ్వంలో రెండు చోట్లను కలిపే సొరంగం) సృష్టించారు’ అయిపోయింది. ఇంటర్ పిల్లాడు ఏడాదికొకసారి ఉన్నాయని, లేవని, తేలిందని, తలకిందులైందని వింటాడు. ‘సైంటిస్టులు రోజుకో మాట చెబుతారు సార్’ అనే విసుగు అక్కడే మొదలవుతుంది. అదే పిల్లాడు రేపు టీకా గురించి డాక్టర్ చెబితే నమ్మడు. రేపు ఇళ్లు నడిపేది వీళ్లే.

4. మన డబ్బుతో కడుతున్నది మనకే తెలియకుండా పోతుంది. హింగోలి జిల్లా ఔంఢా నాగనాథ్ దగ్గర లైగో-ఇండియా కోసం 2023 ఏప్రిల్లో కేంద్ర మంత్రివర్గం సుమారు 2,600 కోట్లకు అనుమతి ఇచ్చింది. హింగోలి ఇవాళ మహారాష్ట్రలో ఉంది కానీ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. నాలుగేసి కిలోమీటర్ల చేతులతో, కృష్ణబిలాలు ఢీకొంటే పుట్టే అలలను పట్టే యంత్రం అది. తెలుగు పిల్లలు ఇంజినీర్లుగా, పరిశోధకులుగా అక్కడికి వెళ్లే వీలుంది. ఏ చానెలూ దాని మీద అరగంట పెట్టగా నేను చూడలేదు.

పెట్టాలనుకుంటే ఎంత బాగా పెట్టొచ్చో ఒకటి చూపిస్తాను. అమెరికాలోని లైగో 2025 జనవరి 14న ఒక అలను పట్టింది. సూర్యుడికి 30 రెట్లకు పైగా బరువున్న కృష్ణబిలాలు రెండు కలిసిపోయాయి. వాటి ఉపరితలాల మొత్తం కలవక ముందు సుమారు 2,40,000 చదరపు కిలోమీటర్లు, కలిశాక సుమారు 4,00,000. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే సుమారు 2,75,000. అంటే రెండు తెలుగు రాష్ట్రాలకంటే కాస్త చిన్న వైశాల్యంతో మొదలై, ఆ రాష్ట్రాలకు దాదాపు ఒకటిన్నర రెట్లకు చేరింది. కలిస్తే వైశాల్యం తగ్గకూడదని హాకింగ్ 1971లో చెప్పాడు, తగ్గలేదు. మూడేళ్ల తర్వాత అదే హాకింగ్, వదిలేస్తే క్వాంటమ్ కారణంగా నెమ్మదిగా తగ్గుతుందని కూడా చెప్పాడు. మొదటిది కొలిచి చూశారు, రెండోది ఎవరికీ కనబడలేదు. రెండు నిమిషాల కథ ఇది. గ్రాఫిక్స్ కావాలంటే మన మ్యాపే ఉంది.

5. భాష కూడా దెబ్బతింటోంది. తెలుగులో ‘అట’ అనే చిన్న ముక్క ఉంది. ‘వాళ్లబ్బాయికి అమెరికాలో ఉద్యోగం వచ్చిందట’ అంటే, నాకెవరో చెప్పారు, పూచీ నాది కాదని అర్థం. ఇంటి అరుగు మీద అది నిజాయితీ. ‘భూమిని మింగేస్తుందట’ అని లక్షలమందికి వినిపించినప్పుడు అది తప్పించుకునే కిటికీ. ఎవరు అన్నారన్నది చెప్పాల్సిన చోట ‘అట’ పెట్టి దాటేస్తున్నారు.

ఇక నేను కోరేవి. పెద్దవేమీ కావు, ఖర్చు అంతకన్నా లేదు.

1. కృష్ణబిలాల మీద, ఆ మాటకొస్తే ఏ సైన్స్ సంగతి మీదైనా, వార్త వేసేముందు ఆ రంగంలో పనిచేసే ఒక్కరితో మాట్లాడండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఐఐటీ హైదరాబాద్‌లో ఫిజిక్స్ విభాగాలున్నాయి. సరిగ్గా ఈ విషయం మీదే పనిచేసే అశోక్ సేన్ వంటివాళ్లు బెంగళూరులో ఐసీటీఎస్ అనే పరిశోధన సంస్థలో ఉన్నారు. జ్యోతిష్కుణ్ణి, ఫిజిక్స్ తెలిసినవాణ్ణి పక్కపక్కన కూర్చోబెట్టి చర్చ పెట్టకండి.

2. ‘శాస్త్రవేత్తలు’ అని ఊరుకోకుండా పేరు, సంస్థ, సంవత్సరం చెప్పండి. అది చూసినదా, కొలిచినదా, కాగితం మీది లెక్కా అన్నది ఒక్క వాక్యంలో చెప్పండి. తేలలేదంటే ‘ఇంకా తేలలేదు’ అని పట్టీలో వేయండి. ఎర్ర రంగులోనే వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

3. ప్రళయం, అంతం, మింగేయడం వంటి మాటలు పెట్టాలనుకుంటే, అది ఎన్నేళ్లకు, ఎంత దూరంలో అన్న అంకె అదే తెర మీద, అంతే పెద్ద అక్షరాల్లో పెట్టండి. 67 సున్నాలు తెర మీద పడితే భయపడేవాళ్లు ఎవరూ ఉండరు.

4. తప్పు వేస్తే, వేసిన సమయంలోనే సవరణ వేయండి. రాత్రి తొమ్మిదిన్నరకి భయపెట్టి, తెల్లవారుజామున అయిదింటికి సవరిస్తే ఇస్త్రీ బండి ఆవిడకి చేరదు.

5. ఫిర్యాదులు తీసుకోవడానికి పేరున్న ఒక మనిషిని పెట్టండి. ఎంటర్‌టైన్‌మెంట్ డెస్క్‌కి కలపకండి.

మీలో ఒక్కరు ముందుకొచ్చినా, స్క్రిప్టు చూసిపెట్టే పని నేను డబ్బు తీసుకోకుండా చేస్తాను. రిటైరైనవాణ్ణి, టైముంది. నాకు రాని చోట ఎవరిని అడగాలో చెబుతాను. నా నంబరు ఆ రిజిస్టర్డ్ ఉత్తరం మూడో పేజీ అడుగున ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్

తాజాకలం: ఇస్త్రీ ఆవిడ కూతురి పెళ్లి మాఘంలో అనుకున్న ముహూర్తానికే అయింది. భోజనాలు బాగున్నాయి.